ఒక్క కుర్చీకి నలుగురు: నర్సింగ్ హోముల్లో నర్సుల కొరత వెనక లెక్క

ఆ మధ్య మా ఫ్యామిలీ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తిరిగింది. అమెరికా నర్సింగ్ హోముల్లో 24 గంటలూ రిజిస్టర్డ్ నర్సు ఉండాలని అక్కడ రూల్ పెట్టారట, లక్షల ఉద్యోగాలట, మన పిల్లలకి ఇదే ఛాన్సట. మా పిన్ని కూతురు ఇక్కడే ఒడిశా బరంపురంలో ఒక నర్సింగ్ హోములో పని చేస్తోంది, జీఎన్ఎం అనే నర్సింగ్ కోర్సు చదివింది. అందుకని పిన్ని వెంటనే కింద రాసింది, "ఇక్కడ నెలంతా నైట్ డ్యూటీలు చేయించుకుని ఏదో చేతిలో పెడతారు, అక్కడ అదే నర్సింగ్ హోమ్ పనికి లక్షలిస్తారా?" అని. రెండు రోజులకి ఇచ్ఛాపురం బావ ఇంకో మెసేజ్ పెట్టాడు, ఆ రూల్ కొట్టేశారని. ఇంతకీ ఉద్యోగాలున్నాయా లేవా అని గ్రూపంతా నన్నడిగారు, ఎందుకంటే ఇంట్లో పేపరు చదివేవాడిని నేనొక్కడినే.

రెండు మెసేజీలూ సగం నిజమే. వాటి కింద మూడు నాలుగు వేరే వేరే సంగతులు ఒకే ముడిలో పడి ఉన్నాయి. ఒక్కోటి విప్పుకుంటూ వెళ్తే గానీ కొరత అనే మాటకి అర్థం తేలదు.

పేరొకటే, చోట్లు రెండు

బరంపురంలో గానీ పర్లాకిమిడిలో గానీ రాయగడలో గానీ నర్సింగ్ హోమ్ అంటే మనందరికీ కళ్ళ ముందు కనబడేది ఒకటే. కింద మందుల షాపు, పక్కన రక్తపరీక్షల గది, పైన పదిహేనో ఇరవయ్యో మంచాలు, ఒక ఆపరేషన్ థియేటరు, చాలా చోట్ల ఆ పై అంతస్తులో డాక్టరు గారి ఇల్లు. కాన్పు, అపెండిక్స్, హెర్నియా, తగ్గని జ్వరం. మూడు నాలుగు రోజులుండి బిల్లు కట్టి ఇంటికెళ్ళిపోతాం. చిన్న ప్రైవేటు ఆసుపత్రి, అంతే. మహారాష్ట్రలో అయితే వీటి చట్టం పేరులోనే నర్సింగ్ హోమ్ ఉంది, 1949 నాటిది, అక్కడ తెలుగువాళ్ళుండే సిరొంచా వైపు ఆసుపత్రులు ఇవాళ్టికీ నడిచేది దాని కిందే. ఒడిశాలో 1990 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్ల చట్టం.

అమెరికాలో ఆ మాటకి అర్థం పూర్తిగా వేరు. ఇంట్లో ఉండలేని ముసలివాళ్ళు, పక్షవాతం వచ్చినవాళ్ళు, మతిమరుపు ముదిరినవాళ్ళు నెలలూ ఏళ్ళూ ఉండే చోటు అది, చాలామంది చివరి రోజుల దాకా అక్కడే ఉంటారు. దేశం మొత్తం మీద ఇలాంటివి సుమారు 15,000, వాటిలో ఉండేవాళ్ళు దాదాపు 12 లక్షల మంది. మనం వృద్ధాశ్రమం అంటామే, దానికి ఇంజక్షన్లు, గాయాల డ్రెస్సింగులు, ట్యూబు ద్వారా భోజనం, ఇవన్నీ కలిపితే దగ్గరగా వస్తుంది.

ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, అక్కడ డాక్టరు రోజూ ఉండడు. మన దగ్గర అర్ధరాత్రి పిలిస్తే డాక్టరు గారు లుంగీ మీదైనా మెట్లు దిగి వస్తారు. అక్కడ అర్ధరాత్రి ఆ బిల్డింగు మొత్తంలో అందరికన్నా ఎక్కువ చదువుకున్న మనిషి నర్సే. అందుకే ఆ ఒక్క నర్సు ఉన్నదా లేదా అన్నదాని మీద కోర్టుల దాకా వెళ్ళారు.

తెల్ల డ్రెస్సు వేసుకున్న వాళ్ళంతా నర్సులు కారు

మనకి ఆసుపత్రిలో తెల్ల డ్రెస్సు కనబడితే సిస్టర్, ఒడియావాళ్ళకి దీదీ. పిలుపు ఒకటే గానీ వెనక చదువులు వేరు. ఏఎన్ఎం రెండేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు. ఇది చదివి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు ఎక్కించుకుంటే రిజిస్ట్రేషన్ నంబరు వస్తుంది. రిజిస్టర్డ్ నర్సు అని మనం సాధారణంగా అనేది జీఎన్ఎం, బీఎస్సీ వాళ్ళని. వీళ్ళు కాక ఏ కోర్సూ చదవకుండా ఆసుపత్రిలోనే పని నేర్చుకున్నవాళ్ళు ఉంటారు, డ్రెస్సు మాత్రం అదే.

అమెరికాలోనూ మూడు మెట్లు. పైన రిజిస్టర్డ్ నర్సు, రెండు నుంచి నాలుగేళ్ళ చదువు, ఆ పైన ఒక లైసెన్సు పరీక్ష. మధ్యలో ప్రాక్టికల్ నర్సు, సుమారు ఏడాది చదువు. కింద నర్సు ఎయిడ్, కేంద్ర చట్టం అడిగేది కనీసం 75 గంటల ట్రైనింగు. స్నానం చేయించడం, తినిపించడం, పక్కకి తిప్పి పడుకోబెట్టడం ఎయిడ్ పని. మాత్రలివ్వడం, డ్రెస్సింగు ప్రాక్టికల్ నర్సు చేస్తుంది. మనిషిని చూసి నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది, ఇది ఒట్టి నీరసమా లోపల ఇన్ఫెక్షనా, ఆసుపత్రికి పంపాలా అని తేల్చి ప్లాను రాసేది రిజిస్టర్డ్ నర్సు. రిజిస్టర్డ్ నర్సుల గంటలు ఎక్కువున్న హోముల్లో పడక పుళ్ళు, ఆసుపత్రికి పరుగులు తక్కువ ఉంటాయని చాలా పరిశోధనల్లో కనబడింది. అయితే అలాంటి హోములకి డబ్బు కూడా ఎక్కువే ఉండొచ్చు కాబట్టి మొత్తం ఘనత నర్సు ఖాతాలోనే వేయడానికి లేదని వాదించేవాళ్ళూ ఉన్నారు, ఆ మాటా కొట్టిపారేసేది కాదు.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మా అమ్మకి రెండేళ్ళ కిందట గాల్ బ్లాడర్ ఆపరేషన్ అయితే నాలుగు రాత్రులు నేనే పక్కన కూర్చున్నాను. అక్కడ పదిహేనేళ్ళుగా పని చేస్తున్న ఒక పెద్దావిడ ఉండేది, అందరూ దీదీ అనేవాళ్ళు. చిక్కిపోయిన అమ్మ చేతికి నరం దొరక్క కొత్త సిస్టర్ మూడుసార్లు గుచ్చితే, ఈవిడ వచ్చి మోచేతి కింద రెండు వేళ్ళతో తట్టి ఒక్కసారికే కాన్యులా ఎక్కించేసింది. ఆవిడకి రిజిస్ట్రేషన్ లేదు, కోర్సూ లేదు. మరి మూడో రాత్రి అమ్మకి ఒళ్ళు చల్లబడి చెమటలు పడితే ఇదే దీదీ ఫ్యాను తగ్గించి దుప్పటి కప్పింది, బీపీ చూడాలని తట్టలేదు. పక్క వార్డు నుంచి ఆ కొత్త పిల్లే పరుగెత్తుకొచ్చి చూసి డాక్టరుని లేపింది. చేతి నేర్పు ఒకటి, ఏం జరుగుతోందో పసిగట్టే చదువు ఇంకోటి, రెండూ కావాలి. నర్సుల కొరత గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండిట్లో ఏది తక్కువైందో ఎవరూ విడదీసి చెప్పరు.

ఒక కుర్చీలో 24 గంటలూ ఒకరు ఉండాలంటే

ఒక వార్డులో ఎప్పుడు చూసినా ఒక రిజిస్టర్డ్ నర్సు ఉండాలి అనుకుందాం. మూడు షిఫ్టులు, ముగ్గురు చాలు అనిపిస్తుంది. చాలరు. వారానికి షిఫ్టులు 21. మనిషి వారానికి ఆరు డ్యూటీలు చేస్తుంది. 21ని 6తో భాగిస్తే మూడున్నర. జ్వరాలు, పండగలు, ఇంట్లో పెళ్ళిళ్ళు, ప్రసూతి సెలవు కలిపితే నలుగురు. అమెరికాలో వారానికి 40 గంటల పని, వారంలో 168 గంటలు, అక్కడా నాలుగు మీద కాస్త. ఎక్కడైనా ఒక్క కుర్చీకి నలుగురు.

మా చెల్లి పని చేసే చోట రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళు ముగ్గురే. ముగ్గురూ ఒక్క సెలవు కూడా పెట్టకుండా వారానికి ఆరేసి డ్యూటీలు చేస్తే 18 షిఫ్టులు. మూడు మిగిలిపోతాయి. పగలు డాక్టర్లు తిరుగుతుంటారు, చూడ్డానికి చుట్టాలొస్తుంటారు, కాబట్టి ఆ మిగిలే మూడూ ఎప్పుడూ రాత్రులే.

భారత నర్సింగ్ కౌన్సిల్ చాలాకాలంగా చెప్పే కొలత ఒకటుంది, బోధనాసుపత్రుల్లో 3 మంచాలకి ఒక నర్సు, మామూలు ఆసుపత్రుల్లో 5 మంచాలకి ఒకరు, ఆపైన సెలవుల కోసం 30 శాతం. 30 మంచాల నర్సింగ్ హోముకి పెట్టి చూడండి. ఇది జీతాల రిజిస్టరులో ఉండాల్సిన లెక్క అనుకుంటే ఆరుగురు, 30 శాతం కలిపితే ఎనిమిది మంది. ఎనిమిది మందీ వారానికి ఆరేసి చేస్తే 48 డ్యూటీలు, వాటిని 21 షిఫ్టులకి పంచితే షిఫ్టుకి రెండుకి కొంచెం పైన, సెలవులు పోతే ఇద్దరు. అంటే ఒక్కొక్కరికి 15 మంది పేషెంట్లు. కాదు, ప్రతి షిఫ్టులో ఐదుగురికి ఒకరు ఉండాలి అని చదివితే షిఫ్టుకి ఆరుగురు, రోజుకి 18, సెలవులవాళ్ళతో 24 మంది. కొలత ఒకటే, ఎనిమిదీ అదే, ఇరవై నాలుగూ అదే. ఓనరు మొదటిది చదువుతాడు, నర్సుల సంఘం రెండోది చదువుతుంది, ఇద్దరూ రూల్ ప్రకారమే మాట్లాడుతున్నామంటారు. ఎక్కడైనా నర్సుల నిష్పత్తి అని అంకె కనబడితే అది రిజిస్టరు లెక్కా షిఫ్టు లెక్కా అన్నది తేలకుండా దానికి అర్థం లేదు.

అమెరికాలో పెట్టిన రూలు, పోయిన రూలు

ఇప్పుడు ఆ ఫార్వర్డ్ దగ్గరికొద్దాం. 1987 నాటి అమెరికా చట్టం ప్రకారం నర్సింగ్ హోములో రిజిస్టర్డ్ నర్సు రోజుకి వరుసగా 8 గంటలు, వారంలో ఏడు రోజులూ ఉండాలి. మిగతా 16 గంటలు ప్రాక్టికల్ నర్సు ఉన్నా సరిపోతుంది. మనిషికి ఇన్ని గంటల సేవ అందాలి అనే అంకె ఆ చట్టంలో లేదు, అవసరానికి తగినంత అని వదిలేశారు. 2001లో ప్రభుత్వం కోసం చేసిన ఒక అధ్యయనం, ఒక్కొక్కరికి రోజుకి సుమారు 4.1 గంటల సేవ లేకపోతే ఆరోగ్యం దెబ్బతింటుందని తేల్చింది. ఆ కాగితం ఇరవై ఏళ్ళకి పైగా అలాగే ఉండిపోయింది. ఈలోగా కోవిడ్ వచ్చి ఆ హోముల్లో ఉన్నవాళ్ళూ పనిచేసేవాళ్ళూ కలిపి 2 లక్షల మందికి పైగా పోయారు.

2024లో బైడెన్ ప్రభుత్వం రూల్ తెచ్చింది. 24 గంటలూ రిజిస్టర్డ్ నర్సు. ఒక్కొక్కరికి రోజుకి మొత్తం 3.48 గంటల సేవ, అందులో రిజిస్టర్డ్ నర్సుది 0.55 గంట, ఎయిడ్లది 2.45 గంటలు. దశాంశాలు చూసి కంగారు పడక్కర్లేదు, 0.55 గంట అంటే 33 నిమిషాలు. 60 మంది ఉన్న హోములో రోజుకి 33 గంటల రిజిస్టర్డ్ నర్సు పని కావాలి, 8 గంటల షిఫ్టులు నాలుగు, పైన ఇంకో గంట. ఎయిడ్ల పని 147 గంటలు, అంటే 18 షిఫ్టులకి పైనే.

తమాషా చిన్న హోముల్లో ఉంది. 30 మంది ఉన్న పల్లెటూరి హోముకి గంటల లెక్కన కావాల్సింది పదహారున్నర గంటలే. కానీ 24 గంటలూ ఉండాలన్న రెండో షరతు వల్ల 24 గంటలు తప్పదు, ఆ నలుగురు మనుషుల్నీ తేవాలి. పెద్ద టౌనులో 120 మంది ఉన్న హోముకి ఆ షరతు దానంతటదే తీరిపోతుంది. గొడవ ఎక్కువగా పల్లెటూళ్ళ నుంచి ఎందుకొచ్చిందో ఇక్కడ తెలుస్తుంది. పల్లెలకి గడువు ఎక్కువిచ్చారు, మనుషులు దొరకడం లేదని చూపించినవాళ్ళకి మినహాయింపులూ పెట్టారు, అయినా గొడవ ఆగలేదు.

2025 ఏప్రిల్‌లో టెక్సాస్‌లో ఒక ఫెడరల్ కోర్టు ఈ రూల్ కొట్టేసింది. నర్సులు అక్కర్లేదని కోర్టు అనలేదు. పార్లమెంటు లాంటి వాళ్ళ కాంగ్రెస్ చట్టంలో 8 గంటలని రాసి ఉండగా దాన్ని 24 చేసే అధికారం ఒక ప్రభుత్వ శాఖకి లేదంది, అంతే. జూలైలో ట్రంప్ సంతకం చేసిన పెద్ద బడ్జెట్ చట్టం రూల్ అమలుని 2034 దాకా వాయిదా వేసింది. డిసెంబరులో ఆ శాఖే రూల్ రద్దు చేసింది. ఇప్పుడు మిగిలింది 1987 నాటి 8 గంటలే. కాబట్టి ఇచ్ఛాపురం బావ చెప్పింది నిజం. మొదటి మెసేజ్ పంపినవాళ్ళు పాత కబురు పంపారు.

అయినా ఉద్యోగాలు లేవని అర్థం కాదు. రూల్ ఉన్నా లేకపోయినా అక్కడ ముసలివాళ్ళు పెరుగుతున్నారు. కానీ మన దేశం నుంచి వెళ్ళాలంటే లైసెన్సు పరీక్ష, సర్టిఫికెట్ల పరిశీలన, ఇంగ్లీషు పరీక్ష, ఇవన్నీ దాటాక వీసా క్యూ ఒకటుంది. భారతీయులకి ఆ కోవలో గ్రీన్ కార్డు క్యూ పదేళ్ళకి పైగా వెనకబడి ఉంది. ఫార్వర్డ్‌లో ఈ ముక్క లేదు.

మనుషులు లేరా, ఉండీ రారా

అక్కడా ఇక్కడా వాదన చివరికి ఒకే చోట ఆగుతుంది.

హోముల యజమానులు చెప్పేది ఇది. రూల్ రాయడం సులువు, నర్సుల్ని ఎక్కడి నుంచి తేవాలి? అమెరికాలో ఈ హోముల్లో ఉండేవాళ్ళలో పదిమందికి ఆరుగురి ఖర్చు మెడికెయిడ్ అనే ప్రభుత్వ పథకం కడుతుంది, ఆ రేటు మేం పెంచలేం, ప్రభుత్వం పదేళ్ళలో 4,300 కోట్ల డాలర్ల ఖర్చని తనే అంచనా వేసి ఆ డబ్బు మాత్రం ఇవ్వలేదు, ఇలాగే ఉంటే మంచాలు మూసేస్తాం, అప్పుడు ముసలివాళ్ళు ఎక్కడికెళ్తారు? ఇందులో నిజం ఉంది, పల్లెల్లో హోములు మూతపడటం కొత్తేమీ కాదు.

నర్సుల సంఘాలు, ముసలివాళ్ళ తరఫున మాట్లాడేవాళ్ళు ఇంకోలా చెప్తారు. నర్సులున్నారు, లైసెన్సులు జేబులో పెట్టుకుని వేరే పని చేసుకుంటున్నారు, ఎందుకంటే అదే లైసెన్సుకి పక్క ఆసుపత్రిలో జీతం ఎక్కువ, పేషెంట్లు తక్కువ. ఇద్దరు చేసే పని ఒక్కరితో చేయిస్తే ఆ ఒక్కరూ మానేస్తారు, మానేశాక కొరత అంటారు. అదీ నిజమే. ఒక్కచోట మాత్రం నాకు యజమానుల వాదన బలహీనంగా అనిపిస్తుంది. చేరినవాళ్ళు ఎందుకు నిలబడట్లేదు అన్న ప్రశ్నకి వాళ్ళ దగ్గర మనుషులు లేరన్న జవాబే ఉంది. అది వేరే ప్రశ్నకి జవాబు.

మన దగ్గర అంకెలు చూస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 2023 నాటికి ప్రపంచంలో సుమారు 2.98 కోట్ల మంది నర్సులున్నారు, ఇంకో 58 లక్షల మంది తక్కువ. మన దేశంలో వెయ్యి మందికి ఇంచుమించు ఇద్దరని ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది, ఉండాల్సింది ముగ్గురంటారు. రిజిస్టర్లలో ఉన్న పేర్లు 33 లక్షలకి పైనే. కానీ పేరు రిజిస్టరులో ఉండటం వేరు, డ్యూటీలో ఉండటం వేరు. దుబాయ్ వెళ్ళినవాళ్ళు, పెళ్ళయ్యాక మానేసినవాళ్ళు, పాఠాలు చెప్పేవాళ్ళు అందరూ ఆ పేర్లలోనే ఉన్నారు.

జీతం సంగతి. సుప్రీంకోర్టు 2016లో చెప్పాక కేంద్రం వేసిన కమిటీ ఒక మెట్ల లెక్క ఇచ్చింది. 200 మంచాలకి పైనుంటే ప్రభుత్వ నర్సుతో సమానంగా, 100 నుంచి 200 దాకా పది శాతం తక్కువ, 50 నుంచి 100 దాకా పాతిక శాతం తక్కువ, 50 లోపు మంచాలున్నా 20,000కి తగ్గకూడదు. మన బరంపురం నర్సింగ్ హోములు దాదాపు అన్నీ ఆఖరి మెట్టులోకే వస్తాయి. అమలు రాష్ట్రాలకి వదిలేశారు. ఇదే సమయంలో ఎయిమ్స్‌లో నర్సింగ్ ఆఫీసరు బేసిక్ 44,900. మా చెల్లి నైట్ డ్యూటీలో టెంపరేచర్ చార్టుల కింద ఆ ఎయిమ్స్ ఉద్యోగాలకి రాసే నార్సెట్ పరీక్ష పుస్తకం పెట్టుకుని చదువుతుంది. వాళ్ళ డాక్టరు గారికి తెలుసు, ఏమీ అనరు. ఏడాది తిరిగేలోపు వెళ్ళిపోతుందని ఆయనకీ తెలుసు, అందుకే ఆమెకి నేర్పించడానికి ఖర్చు పెట్టరు, జీతం పెంచరు. పెంచరు కాబట్టి ఆమె వెళ్తుంది. ఆయన వైపు నుంచి చూస్తే అదీ లెక్కే, నలుగుర్ని పెట్టుకుంటే ఇరవై మంచాల్లో పది ఖాళీగా ఉన్న నెలలో కూడా నలుగురికీ జీతాలివ్వాలి. కొన్ని చోట్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకుంటారు. చెల్లి స్నేహితురాలిది ఎనిమిది నెలలు అలాగే ఉండిపోయింది.

బోర్డరు మీద ఉన్న ముడులు

మన జిల్లాలకి ఇంకో చిక్కుంది. శ్రీకాకుళంలోనో విశాఖలోనో చదివిన అమ్మాయి పేరు ఆంధ్ర కౌన్సిల్ రిజిస్టరులో ఉంటుంది. పెళ్ళై గంజాం వస్తే ఇక్కడ పనిచేయడానికి ఒడిశా కౌన్సిల్లో మళ్ళీ పేరు ఎక్కించుకోవాలి. అక్కడి నుంచి కాగితాలు, ఇక్కడ ఫీజులు, తిరుగుళ్ళు. ఇది పూర్తయ్యేదాకా కొందరు ఇంట్లో కూర్చుంటారు, ఇంకొందరు రిజిస్ట్రేషన్ లేనివాళ్ళ జీతానికే చేరిపోతారు. అంటే చదివిన నర్సు ఊళ్ళో ఉండగానే లెక్కలో లేకుండా పోతుంది. 2023 నాటి జాతీయ నర్సింగ్ కమిషన్ చట్టం దేశమంతటికీ ఒక రిజిస్టరు ఉండాలంటోంది.

రెండోది భాష. గంజాం, గజపతి, రాయగడల్లో ఒకే వార్డులో తెలుగు, ఒడియా, సవర, కుయి వినబడతాయి. తెలుగులో కళ్ళు తిరుగుతున్నాయంటాం, ఒడియాలో తల తిరుగుతోందంటారు, ముండొ బులాఉచి అని. మా అమ్మ పక్క మంచం మీద ఒక తెలుగు ముసలావిడ కష్టపడి ఒడియాలోకి మార్చి ఆఖి బులుచి అంది. లోపలి జిల్లా నుంచి వచ్చిన సిస్టర్ అది కంటి బాధ అనుకుని రాసుకుంది. అటుగా వచ్చిన ఆయా నవ్వి సర్ది చెప్పింది, అప్పుడు బీపీ చూశారు. ఐదుగురికి ఒక నర్సు, పదిహేను మందికి ఒక నర్సు అనే ఏ నిష్పత్తిలోనూ ఆ ఆయా కనబడదు.

నిన్న చెల్లి వచ్చే వారం డ్యూటీ చార్టు ఫొటో గ్రూపులో పెట్టింది, ఏ రోజు ఇంటికి రాగలదో పిన్నికి తెలియడానికి. ఇరవై ఒక్క గళ్ళు. పద్దెనిమిదిటిలో మూడు పేర్లు తిరిగి తిరిగి వస్తున్నాయి. మంగళవారం, శుక్రవారం, ఆదివారం రాత్రి గళ్ళలో పేరు లేదు, పెన్సిల్‌తో దీదీ అని రాసి ఉంది.